డ్రా అయిన శుక్రవారాలు

మా ఆయన ఫుట్‌బాల్‌ని ఆట అనుకోరు, పెరేడ్ అనుకుంటారు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం నాలుగయ్యేసరికి గేమ్స్ పెరేడ్ అని ఒకటుండేదట. ఒళ్ళు వెచ్చబడినా, ఇంటి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినా, నిక్కరు తొడుక్కుని గ్రౌండ్‌లో నిలబడాల్సిందేనట. హవల్దారుగా రిటైరయ్యాక కూడా ఆ పిచ్చి ఆయన్ని వదల్లేదు. నేను రాస్ అల్ ఖైమాలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరిన రెండేళ్ళకి ఆయన కూడా వచ్చి, ఊరి బయట సెక్యూరిటీ గార్డుల అకాడమీలో డ్రిల్లు నేర్పే పనిలో చేరారు. చేరిన వారానికే అక్కడా నాలుగింటికి విజిల్ ఊదారు.

అకాడమీ అంటే పెద్దగా ఊహించుకోకండి. కొన్ని రేకుల గదులు, ఒక జెండా కర్ర, చదును చేసిన ఇసక నేల. కొత్తగా వచ్చిన గార్డులకి సెల్యూట్ చెయ్యడం, వాకీటాకీలో మాట్లాడటం, మంటలార్పడం నేర్పించి దుబాయ్, షార్జా సైట్లకి పంపేవాళ్ళు. మనవాళ్ళు, నేపాలీలు, పఠాన్లు, అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళు. సైన్యంలో నేర్పేవాణ్ణి అలాగే అంటారట. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఈయన నడక మారిపోయేది. ఇంట్లో నేను మాత్రం పొద్దస్తమానం "ఏవండీ, ఉల్లిపాయలు తెచ్చారా?" అని నేల మీదకి దింపుతూ ఉండేదాన్ని.

ఏటా చలికాలంలో అక్కడి క్యాంపులన్నీ కలిసి శుక్రవారాల్లో ఒక టోర్నమెంటు ఆడుకునేవి. దాన్ని నడిపేది టైర్ల కొట్టు పెట్టుకున్న ఒక పెద్ద పఠాను. కప్పు ఆయనే కొనిచ్చేవాడు, గోల్ పోస్టులుగా నాలుగు డ్రమ్ములూ ఆయనవే, కాబట్టి రూల్సు కూడా ఆయనవే. ఆట సమానంగా ముగిస్తే పెనాల్టీలు కొట్టించేవాడు కాదు. అది జూదం అనేవాడు. డ్రా అయితే మళ్ళీ వచ్చే శుక్రవారం ఆడాల్సిందే. ఆ ముసలాయన రూలు ఎంతమందిని ఎన్నాళ్ళు నిలబెడుతుందో అప్పటికి ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు.

రెండువేల తొమ్మిది ఆఖర్లో దుబాయ్‌లో క్రేన్లు ఆగిపోయాయి. కట్టడం ఆగిన బిల్డింగుకి కాపలా ఎందుకు? అకాడమీకి కొత్తవాళ్ళు రావడం మానేశారు, ఉన్నవాళ్ళు సైట్ల నుంచి తిరిగొచ్చి రేకుల గదుల్లో మంచాల మీద కూర్చున్నారు. ప్రతి వారం కంపెనీ బస్సొకటి వచ్చి కొందర్ని ఎయిర్‌పోర్టుకి తీసుకుపోయేది. వీసా క్యాన్సిల్ అనేవాళ్ళు. ఆ మాట మా ఆసుపత్రిలో వినే ఏ జబ్బు పేరుకన్నా భయంగా ఉండేది నాకు.

అకాడమీ ముదీర్, అంటే మేనేజరు, జోర్డాన్ వాడు. మంచివాడో చెడ్డవాడో ఇప్పటికీ తేల్చుకోలేను. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ ఏడు టోర్నమెంటు మొదలయ్యే ముందు గ్రౌండుకొచ్చి, అందరి ముందూ ఒక మాటన్నాడు. "ఈ టీము టోర్నమెంటులో ఉన్నంతవరకు టీములో ఉన్నవాళ్ళ పేరు నేను ముట్టుకోను. ఓడిన మర్నాడు అందరితో పాటే." అని యల్లా, యల్లా, కానివ్వండి అంటూ కారెక్కి వెళ్ళిపోయాడు.

సరదాకి అన్నాడో, ఉత్సాహం పుట్టించాలని అన్నాడో. ఆ సాయంత్రం గేమ్స్ పెరేడ్‌కి క్యాంపంతా వచ్చి నిలబడింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, జన్మలో బంతి తన్ననివాళ్ళు, అందరూ. మా ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయారు. "టీము ఏరమన్నాడే నన్ను. ఎవర్ని ఇంటికి పంపాలో నా చేత ఏరిస్తున్నాడు" అన్నారు.

ఆయన ఏరింది మాత్రం ఆట చూసే. ఆ విషయంలో మొండిమనిషి. పదిమంది తేలిపోయారు. పదకొండోవాడి దగ్గర నేను కలగజేసుకున్నాను.

మా నరసాపురం వైపు కుర్రాడొకడు గార్డుగా ఉండేవాడు. ఏం చెప్పినా "ఆయ్" అని తలూపే మనిషి. గ్రౌండ్‌లో మా ఆయన్ని ఉస్తాద్ అనీ, మా ఇంటికొస్తే బావగారూ అనీ, నన్ను అక్కా అనీ పిలిచేవాడు. పెళ్ళయిన నెలలోపే ఇక్కడికొచ్చేశాడు. భార్య నర్సు. నేనే మా ఆసుపత్రిలో ఆ అమ్మాయి గురించి చెప్పి, ఇంటర్వ్యూ పెట్టించి, ఉద్యోగం వచ్చేదాకా వెంటపడ్డాను. ఉద్యోగం వచ్చింది కానీ వీసా కాగితాలే ఇవాళా రేపూ అని సాగుతున్నాయి. ఆ అమ్మాయి వచ్చి చేరిపోతే, మొగుణ్ణి తన వీసా మీద పెట్టుకోవచ్చు. మా ఆసుపత్రి వాళ్ళకి అప్పట్లో ఆ వీలుండేది. ఆమె దిగేదాకా వీడు ఇక్కడ నిలబడితే చాలు. ఈలోగా క్యాన్సిల్ అయ్యాడో, ఆమె ఇక్కడ, వీడక్కడ. ఒకసారి అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ రావడం ఆ రోజుల్లో నేను చూడలేదు.

"వాడికి బంతికీ బత్తాయికీ తేడా తెలీదు" అన్నారు మా ఆయన.

"తెలిసిన పదిమంది ఉన్నారుగా. ఒక మూల నిలబెట్టండి. మీ సైన్యంలో అందరూ తుపాకీ పేల్చారా? వంటవాడు లేడా?"

ఆయన నా వైపు అదోలా చూశారు. మర్నాడు కుర్రాడు కుడివైపు మూలన నిలబడ్డాడు. నేను అడిగినందుకు ఆ రోజు సిగ్గుపడలేదు, ఈ రోజుకీ పడను. "ఒరే, నీ వైపు బంతి వస్తే ఆలోచించకు. ఎంత బలముంటే అంత బలంగా, ఎంత దూరం పోతే అంత దూరం తన్నెయ్యి" అని ఒక్కటే నేర్పించారు వాడికి. "ఆయ్, అలాగేనండి" అన్నాడు వాడు.

ఆ సీజన్ అంతా నేను చర్చి నుంచి సరాసరి గ్రౌండుకే వెళ్ళేదాన్ని. సెలవు శుక్రవారం కాబట్టి ఇక్కడ ఆరాధన కూడా శుక్రవారమే కదా. పాస్టరుగారు ప్రార్థన విషయాలు చెప్పమంటే, అందరూ పిల్లల చదువులూ, తల్లిదండ్రుల ఆరోగ్యాలూ చెప్పుకుంటుంటే, నేను ఫుట్‌బాల్ టీము అన్నాను ఒకసారి. వెనక వరసలోంచి ఎవరో నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను.

మావాళ్ళు గెలుస్తూ పోయారు. బతుకు మీదకొస్తే కాళ్ళకి ఆ బలం ఎక్కణ్ణుంచి వస్తుందో. మా ఆయన మాత్రం అంతా మిలిటరీ పద్ధతే. జెర్సీలకి గంజి పెట్టించేవారు. నేనే ఇంట్లో అన్నం వార్చిన గంజి డబ్బాలో పోసి ఇచ్చేదాన్ని. అవి తొడుక్కుని పదకొండుమంది పటపటలాడుతూ దిగేవాళ్ళు, పది నిముషాలు పరిగెత్తేసరికి చెమటకి ఆ గంజి కరిగి ఒంటికి జిగురు పట్టేది. చంకలు ఒరుసుకుపోయి ఒక నేపాలీ అబ్బాయి మా ఆసుపత్రికే వచ్చాడు. "ఇంక గంజి ఇవ్వను పొండి" అని నేను తెగేసి చెబితేగానీ ఆపలేదు. ఇంకో అలవాటు, ఆట అయిపోగానే గెలిచినా ఓడినా అవతలి టీము కోసం త్రీ చీర్స్ కొట్టించడం. టోపీ తీసి, ఒళ్ళు బిగించి, "హిప్ హిప్" అనేవారు. పదకొండు గొంతులు "హుర్రే" అనేవి. అవతలివాళ్ళకి నవ్వొచ్చేది మొదట్లో. తర్వాత వాళ్ళూ మొదలుపెట్టారు.

ఇలా ఫైనల్‌కి వచ్చాం. వచ్చాక తెలిసింది అసలు సంగతి. ఓడితే టోర్నమెంటు అయిపోతుంది, గెలిచినా అయిపోతుంది. ఎటు పోయినా శనివారం బస్సొస్తుంది. అమ్మాయి వీసా అప్పటికింకా రాలేదు.

అవతలి టీము ఫుజైరాలో రాళ్ళ క్వారీ వాళ్ళు. ఎక్కువమంది మలయాళీలు, గట్టి ఆటగాళ్ళు. మొదటి ఫైనల్ నిజాయితీగానే డ్రా అయింది. రెండువైపులా చెరొక గోల్. విజిల్ ఊదగానే మావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుని ఎగిరారు. అవతలి కెప్టెన్ ఆశ్చర్యపోయి, టీ తాగుతూ మా గోల్‌కీపర్‌ని అడిగాడు, డ్రాకి ఇంత సంబరం ఏమిటి భాయ్ అని. మావాడు చెప్పాడు. ఆ కెప్టెన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. వాళ్ళ క్వారీలోనూ సగం లారీలు కదలడం మానేశాయట.

రెండోసారి ఫైనల్లో బంతి ఎటూ పోలేదు. ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు, ఒప్పందం లేదు. కానీ గోల్ దగ్గరికి వెళ్ళిన ప్రతివాడూ ఒక్క క్షణం ఆగి వెనక్కి తన్నేవాడు. పఠాను పెద్దాయన కళ్ళు చికిలించి చూస్తూ గడ్డం నిమురుకున్నాడు. సున్నా సున్నా.

మా ఆయన ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. "గెలవడం నేర్పాను, ఓడటం నేర్పాను. ఈ దొంగాట ఎవరు నేర్పారు వీళ్ళకి?" అని గోడకేసి మాట్లాడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏవండీ, మంచులో పోస్టు పట్టుకుని ఆర్నెల్లు కూర్చున్నామని వందసార్లు చెప్పారు. ఆ ఆర్నెల్లలో ముందుకెళ్ళారా? లేదుగా. వెనక్కి రాలేదు, అంతేగా? అది గెలుపైతే ఇది దొంగాట ఎలా అయిందండీ?"

ఆయన మెల్లగా కంచం దగ్గరికి లాక్కున్నారు. తర్వాతి శుక్రవారం ఆటకి ముందు టీముని వరసగా నిలబెట్టి, ఎప్పుడూ చెప్పే ఉపన్యాసం మానేసి, "మోర్చా సంభాలో" అని ఒక్కమాటన్నారు. ఉన్నచోటు వదలకండి అని. ఎప్పుడూ ముందుండి గోల్స్ కొట్టే పఠాన్ కుర్రాణ్ణి వెనక్కి డిఫెన్సులో పెట్టారు. ఇరవయ్యేళ్ళు సైన్యంలో చేసి, ఒక్క అబద్ధం ఆడని మనిషికి ఆ మార్పు చెయ్యడం ఎంత కష్టమైందో నాకు తెలుసు. మళ్ళీ డ్రా.

ఆ వారంలోనే అమ్మాయి వీసా వచ్చింది. ఇంకో పది రోజులకి టికెట్టు. నేను ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి చెబితే కుర్రాడు "ఆయ్" అని కూడా అనలేకపోయాడు. ఇంకొక్క డ్రా. ఒక్కటంటే ఒక్కటి. ఆ శుక్రవారం చర్చిలో నేను ఎవరు నవ్వినా లెక్కచెయ్యకుండా పైకే ప్రార్థన చేశాను.

ఆ రోజు గాలి. పొద్దుట్నుంచి ఇసక లేపుతోంది. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు తలలకి గుడ్డలు చుట్టుకున్నారు. బంతి ఆకాశంలోకి లేస్తే ఎటు పోతుందో తెలీడం లేదు. అయినా రెండు టీములూ జాగ్రత్తగా, నిండు బిందె మోస్తున్నట్టు, బంతిని అటూ ఇటూ తిప్పుతూ ఆఖరి నిముషాల దాకా లాక్కొచ్చాయి. నేను వాచీ చూసుకోవడం కూడా మొదలుపెట్టాను.

అప్పుడు బంతి మెల్లగా దొర్లుకుంటూ కుడివైపు మూలకి వచ్చింది. మావాడు ఆలోచించలేదు. ఆలోచించొద్దన్నది మా ఆయనే. ఎంత బలముంటే అంత బలంగా, ఎంత దూరం పోతే అంత దూరం తన్నాడు. ఆ సీజన్లో వాడు బంతిని సరిగ్గా తన్నింది అదొక్కసారే. అది పైకి లేచింది. గాలి దాన్ని అందుకుంది. ఫుజైరా గోల్‌కీపర్ కళ్ళలో ఇసక పడి మోచేత్తో తుడుచుకుంటున్నాడు. బంతి అతని ముందు పడి, తలమీదుగా ఎగిరి, రెండు డ్రమ్ముల మధ్యలోంచి వెళ్ళి ఆగింది.

మావాడు రెండు చేతులూ పైకెత్తాడు. ముఖమంతా నవ్వు. పుట్టి బుద్ధెరిగాక మొదటి గోల్. రెండు అంగలు పరిగెత్తాడు కూడా. మూడో అంగలో ఆగిపోయాడు. ఎత్తిన చేతులు ఎలా దించాలో తెలీనట్టు అలాగే నిలబడ్డాడు. గ్రౌండంతా గాలి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఎవరూ కేక వెయ్యలేదు. ఫుజైరా గోల్‌కీపర్ నడుచుకుంటూ వచ్చి "సారీ భాయ్, మాఫ్ కరో" అన్నాడు. గోల్ తిన్నవాడు కొట్టినవాణ్ణి క్షమించమనడం నేను అప్పుడే చూశాను.

ఇంకా కాసేపు ఆట మిగిలింది. ఫుజైరావాళ్ళు ప్రాణం పెట్టి గోల్ కొట్టడానికి వచ్చారు, మా కోసం. మావాళ్ళు అడ్డు తప్పుకుని దారిచ్చారు. పఠాన్ కుర్రాడు కావాలని కింద పడ్డాడు. మా గోల్‌కీపర్ ఒక పక్కకి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మలయాళీ కెప్టెన్ ఖాళీ గోల్‌లోకి తన్నాడు. గాలి దాన్ని కూడా లాగేసింది. డ్రమ్ముకి తగిలి ఠంగుమని మోగి బయటికి పోయింది. మళ్ళీ తన్నాడు. మళ్ళీ బయటికే. రిఫరీ వాచీ చూసి, మా ఆయన వైపు చూసి, ఇంకో నిముషం ఆగి, ఇంక ఆగలేక విజిల్ ఊదాడు.

మేం గెలిచాం. మా కుర్రాడు గ్రౌండు మధ్యలో కూర్చుని ఇసక పిడికిళ్ళతో తీసి వదుల్తున్నాడు. మా ఆయన టోపీ తీశారు. "హిప్ హిప్" అన్నారు. ఆ గొంతు ఎవరిదో అనిపించింది. మిగతా పదిమందీ నిలబడి "హుర్రే" అన్నారు. మూడుసార్లూ అన్నారు. కప్పు ఇస్తుంటే ఎవరూ ముందుకి రాలేదు. చివరికి టీమంతా కలిసి దాన్ని కుర్రాడి ఒళ్ళో పెట్టారు. గోల్ కొట్టినవాడిదే కప్పు అన్నారు. కోపంతో కాదు. ఒక్కడికీ వాడి మీద కోపం రాలేదు. కోపమొచ్చినా బాగుండేది.

మర్నాడు మా ఆయన జీవితంలో మొదటిసారి ఒకరి దగ్గరికి చెయ్యి చాచుకుని వెళ్ళారు. డ్రస్సు ఇస్త్రీ చేసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని, ముదీర్ టేబుల్ ముందు సావధాన్‌లో నిలబడి, ఒక్క మనిషికి ఒక్క నెల అని అడిగారట. "ఉస్తాద్, నేను మాట తప్పానా? ఆట ఉన్నంతవరకు అన్నాను. ఆట ఖలాస్" అన్నాడట ముదీర్. కానీ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి, కుర్రాడి పేరు వారం చివర వెళ్ళే ఆఖరి బ్యాచికి మార్చాడట. ఆ మాత్రం చేశాడు. ముదీర్ చేసిన ఆ దయ ఎలాంటిదో టికెట్లు వచ్చాక తెలిసింది. ఆ అమ్మాయి హైదరాబాద్ నుంచి షార్జాకి వచ్చే విమానమే, జనాన్ని దింపేసి, తిరిగి వీళ్ళని ఎక్కించుకుని హైదరాబాద్ వెళ్తుంది.

"తనకి చెప్పకండక్కా" అన్నాడు కుర్రాడు. "చెబితే రావడం మానేస్తది. ఉద్యోగం పోగొట్టుకుంటది. దిగాక మీరే నెమ్మదిగా చెప్పండి. కోపమొస్తే నా మీదే పడనీండి." బస్సెక్కే ముందు కప్పుని తువ్వాల్లో చుట్టి మా ఆయన చేతికిచ్చాడు. "ఇది తనకివ్వండి బావగారూ. నేను పట్టుకెళ్తే ఊళ్ళో ఏం గెలిచావంటారు, ఏం చెప్పను?"

శుక్రవారం మధ్యాహ్నం నేనూ, మా ఆయనా ఆసుపత్రి వ్యానులో షార్జా ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. కంపెనీ మనిషి అప్పటికే బ్యాచినంతా లోపలికి తోలేశాడు. బయట మేం గేటు దగ్గర నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"అక్కా, విమానం దిగిందక్కా. అద్దంలోంచి కనపడతంది. మెట్లు దిగి బస్సెక్కుతున్నారు. చాలా దూరం. ఆడోళ్ళు ఐదారుగురు ఉన్నారు. ఏ రంగు బట్టలేసుకొస్తానందో మీకేమైనా చెప్పిందా?"

నాకు చెప్పలేదు. తెలీదు నాన్నా అన్నాను. "ఒకావిడ ఆగి ఇటే చూస్తంది. తనే అనుకుంటున్నానక్కా. తనే అనుకుంటాను" అన్నాడు. అంతలో వెనకాల ఎవరో లైనులోకి రమ్మని అరిచారు, ఫోన్ పెట్టేశాడు. తర్వాత నేను చేస్తే స్విచాఫ్.

ఇమిగ్రేషనూ, కంటి పరీక్షా, సామానూ అన్నీ అయి ఆ అమ్మాయి బయటికొచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆకుపచ్చ చుడీదారు. పెళ్ళినాటి గాజులు ఇంకా తియ్యలేదు. నన్ను ఫొటోలో చూసి గుర్తుపట్టి, ట్రాలీ వదిలేసి వచ్చి వాటేసుకుంది. నేను దారి పొడుగునా నేర్చుకున్న మాటలన్నీ పోయాయి. మా ఆయన ముందుకొచ్చి, తువ్వాలు విప్పి, కప్పు ఆమె చేతిలో పెట్టారు.

"ఏంటి సార్ ఇది?"

"నీ భర్త గోల్ కొట్టాడమ్మా. ఫైనల్లో. వాడి గోల్‌తోనే గెలిచాం."

"ఆయనా? ఆయనకి బంతాట రాదండీ!" అంది. మా ఇద్దరి ముఖాలూ చూసింది, వేళాకోళం కాదని తెలిసింది కాబోలు, కళ్ళు పెద్దవయ్యాయి. కప్పుని సూట్‌కేసు మీద జాగ్రత్తగా నిలబెట్టి, గాజులు గలగలమనేలా, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ గోల్‌కి చప్పట్లు కొట్టిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. కొడుతూనే, నవ్వుతూనే, "ఏరండీ ఆయన?" అని మా భుజాల మీదుగా వెనక్కి తొంగి చూసింది.